మే 9, ఆగస్టు 3: ఒకే ఎండ, రెండు కాలాలు

హైదరాబాద్‌లో ఏటా రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఒకటి మే 9, రెండోది ఆగస్టు 3. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ పడదు. సూర్యుడి ఎత్తు, పగటి నిడివి, వాతావరణం పై అంచుకు చేరే ఎండ మొత్తం, ఈ మూడూ ఆ రెండు రోజుల్లో ఇంచుమించు సమానం. ఎండ మొత్తంలో తేడా ఒక్క శాతం. అయినా మే రెండో వారంలో నగరంలో పగటి ఉష్ణోగ్రత మామూలుగా 39, 40 డిగ్రీల దగ్గర ఉంటే, ఆగస్టు మొదటి వారంలో 30 దగ్గరే ఆగిపోతుంది.

రుతువులకు కారణం భూమి అక్షం వంపు అని బడిలో అందరం చదువుకున్నాం. అది నిజం. అయితే ఆ ఒక్క వాక్యం పట్టుకుని చూస్తే ఈ పది డిగ్రీల తేడాకు సమాధానం దొరకదు. ఏ ఊరికి ఏ రోజున ఎంత ఎండ రావాలో తేల్చేది వంపు. వచ్చిన ఎండలో ఎంత నేలను కాలుస్తుంది, ఎంత నీటిని ఆవిరి చేస్తుంది, ఎంత మబ్బుల మీద పడి వెనక్కి పోతుంది అన్నది ఆ తర్వాతి లెక్క. లండన్‌లో మొదటి లెక్కతోనే కథ చాలావరకు తేలిపోతుంది. తెలుగునేల మీద రెండో లెక్కే పెద్దది. మన పాఠాల్లో దానికి దక్కే చోటు చాలా తక్కువ.

ముందు దూరం సంగతి

ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందనే అపోహ చదువుకున్నవాళ్లలోనూ గట్టిగానే ఉంది. అసలు భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి 3, 4 తేదీల్లో. అప్పుడు దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు. జులై 4 ప్రాంతంలో అది 15.21 కోట్లు అవుతుంది. అంటే ఉత్తరార్ధగోళం చలిలో ఉన్నప్పుడే మనం సూర్యుడికి దగ్గరగా ఉంటాం. దూరమే రుతువులను తెచ్చిపెడితే భూమి మొత్తానికీ జనవరిలోనే ఎండాకాలం రావాలి. మెల్‌బోర్న్‌లోని తెలుగువాళ్లు సంక్రాంతిని నడివేసవిలో జరుపుకుంటున్న అదే రోజున ఆదిలాబాద్‌లో జనం చలిమంట వేసుకుంటారు.

ఈ అపోహకు సగం కారణం పుస్తకాల్లోని బొమ్మ. భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. 15 సెంటీమీటర్ల వెడల్పున కొలత ప్రకారం గీస్తే ఆ కక్ష్య పొడవుకూ వెడల్పుకూ మధ్య తేడా 0.02 మిల్లీమీటర్లు, పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది. సూర్యుణ్ని మాత్రం కేంద్రం నుంచి ఒకటింబావు మిల్లీమీటరు పక్కకు జరిపి పెట్టాలి. అంతే.

రెండో అపోహ మొదటిదానికి తమ్ముడు. వంపు వల్ల మన వైపు సూర్యుడికి దగ్గరగా జరుగుతుందని, అందుకే వేడెక్కుతుందని కొందరంటారు. భూమి మొత్తం వ్యాసమే 12,742 కిలోమీటర్లు. సూర్యుడి దూరంలో అది పదివేలో వంతు కూడా ఉండదు. ఆ కొద్ది దూరంతో ఏ థర్మామీటరూ కదలదు.

అలాగని దూరాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. దగ్గరి, దూరపు స్థానాల మధ్య అందే ఎండలో తేడా 7 శాతం దాకా ఉంటుంది. మన చలికాలం దగ్గరి స్థానంలో పడటం వల్ల అది కొంచెం మెత్తబడుతుంది. హైదరాబాద్‌కు డిసెంబరు 21న అందే ఎండ, జూన్ 21న అందేదానిలో సుమారు 70 శాతం. కక్ష్య అచ్చమైన వృత్తమై ఉంటే అది 65 శాతానికి పడిపోయేది.

వంపు ఏం చేస్తుంది

కక్ష్య తలానికి లంబంగా ఒక గీత గీస్తే, భూమి అక్షం దానికి 23.4 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. ఏడాది పొడవునా అక్షం చూసే దిక్కు మాత్రం మారదు. అది అటూ ఇటూ ఊగుతుందనుకుంటే మిగతా పాఠమంతా తప్పుదారి పడుతుంది. అక్షం ఉత్తరపు కొన ఏడాదంతా ధ్రువ నక్షత్రం వైపే ఉంటుంది. అందుకే హైదరాబాద్‌లో ఏ నెలలో చూసినా ఆ నక్షత్రం ఉత్తర దిక్కున, నేల అంచు నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. జూన్‌లో ఆ కొన సూర్యుడి వైపు ఒరిగి ఉంటుంది. ఆరు నెలల్లో భూమి సూర్యుడికి అవతలి వైపు చేరుతుంది. అక్షం ఒరిగిన దిక్కు అదే కనక, డిసెంబరుకు ఆ కొన సూర్యుడికి ఎడంగా ఉన్నట్టవుతుంది.

దీనివల్ల మొదట మారేది మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు. లెక్క సులువు: ఊరి అక్షాంశానికీ, ఆ రోజు సూర్యుడు నడినెత్తిన ఉండే అక్షాంశానికీ మధ్య తేడాను 90లోంచి తీసేయాలి. హైదరాబాద్ అక్షాంశం 17.4. జూన్ 21న సూర్యుడు 23.4 ఉత్తర అక్షాంశం మీద, అంటే కర్కటరేఖ మీద ఉంటాడు. తేడా 6, కాబట్టి ఎత్తు 84 డిగ్రీలు. డిసెంబరు 21న 23.4 దక్షిణాన, మకరరేఖ మీద ఉంటాడు. తేడా 40.8, ఎత్తు 49 డిగ్రీలు. ఎండ ఏటవాలుగా పడితే అదే కిరణాల కట్ట ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. ఒకే గరిటె పిండిని పెద్ద పెనం మీద పలచగా తిప్పినట్టు, చదరపు మీటరుకు వచ్చే వాటా తగ్గుతుంది. 49 డిగ్రీల దగ్గర ఆ వాటా, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటిదానిలో మూడొంతులు, అంటే నాలుగింట మూడు.

రెండోది పగటి నిడివి. హైదరాబాద్‌లో జూన్ 21 పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు 21 పగలు 11 గంటల 5 నిమిషాలు. లండన్‌లో అదే పదహారున్నర గంటల నుంచి ఎనిమిది గంటల లోపుకు దిగుతుంది. మూడోది, సూర్యుడు కిందికి దిగేకొద్దీ కిరణాలు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి, దారిలో కొంత శక్తి పోతుంది. మన దగ్గర మధ్యాహ్నం వేళ ఈ మూడోదాని ప్రభావం స్వల్పం. ధ్రువాల దగ్గర మాత్రం గట్టిగా పనిచేస్తుంది.

మొదటి రెండూ కలిపి రోజు మొత్తానికి లెక్కేస్తే, వాతావరణం పై అంచున ఒక చదరపు మీటరుకు అందే ఎండ ఎంతో తేలుతుంది. కరెంటు బిల్లులో చూసే యూనిట్లలోనే చెప్పుకుందాం. హైదరాబాద్‌కు జూన్ 21న సుమారు 10.8 యూనిట్లు, డిసెంబరు 21న 7.5. లండన్‌కు జూన్ 21న 11.5, డిసెంబరు 21న 1.8. జూన్ చివర్లో లండన్ మనకన్నా ఎక్కువ ఎండ అందుకుంటుంది! సూర్యుడు అక్కడ 62 డిగ్రీలకు మించి ఎక్కకపోయినా, పగలు మూడు గంటలకు పైగా ఎక్కువ కావడంతో లెక్క అటు మొగ్గుతుంది. చలికాలంలో ఆరో వంతుకు పడిపోవడమే అక్కడి రుతువుల గుట్టు. మన దగ్గర అదే తేడా మూడు వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు.

ఇంకా విచిత్రం ఉత్తర ధ్రువం. జూన్ 21న సూర్యుడు అక్కడ అస్తమించడు, 23.4 డిగ్రీల ఎత్తులో రోజంతా చుట్టూ తిరుగుతాడు. ఆ ఇరవై నాలుగు గంటల్లో అక్కడి వాతావరణపు పై అంచుకు చేరేది 12.6 యూనిట్లు, ఆ రోజున భూమి మీద మరే చోటికీ అంత రాదు. అయినా అక్కడి గాలి సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఏటవాలు కిరణాలు నెత్తిన ఉన్నప్పటికన్నా రెండున్నర రెట్ల గాలిని దాటుకుని రావాలి. వచ్చినదాంట్లో పెద్ద భాగాన్ని తెల్లటి మంచు అద్దంలా తిప్పి పంపేస్తుంది. మిగిలింది మంచును కరిగించడానికే ఖర్చవుతుంది: సున్నా డిగ్రీల మంచు కిలో కరిగి సున్నా డిగ్రీల నీరు కావడానికే 334 కిలోజౌళ్లు కావాలి, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా. ఎండ ఎంత వచ్చిందన్న ప్రశ్న వేరు, ఎంత వేడెక్కిందన్న ప్రశ్న వేరు అనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

మేకూ ఆగస్టుకూ మధ్య ఏం జరిగింది

ఇప్పుడు మన రెండు రోజుల దగ్గరికి వద్దాం. ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు మూడో వారం దాకా హైదరాబాద్ పై అంచుకు చేరే ఎండ 10.5 యూనిట్లకు అటూ ఇటూగా, దాదాపు చదునుగా ఉంటుంది. వంపు ఒక్కటే పనిచేస్తే ఆ నాలుగు నెలలూ ఒకటే ఎండాకాలంగా సాగాలి. దాన్ని మధ్యలో తెంచేది నైరుతి రుతుపవనం.

మే నెలలో ఆకాశం తేటగా ఉంటుంది, నేలకు చేరే ఎండ రోజుకు 6 యూనిట్లు దాటుతుంది. నేలలో తడి ఉండదు. చెరువులు అడుగంటి, పొలాలు బీడుగా, చెట్లు సగం ఆకు రాల్చి ఉంటాయి. నేల పట్టుకున్న శక్తికి వేరే పని లేదు. అది మట్టిని, మట్టి మీది గాలిని కాల్చడానికే పోతుంది. దానికి తోడు ఉత్తర, పడమటి దిక్కుల నుంచి అప్పటికే కాలిన పొడిగాలి వస్తుంది. రామగుండం, రెంటచింతల లాంటి ఊళ్లు వడగాడ్పులకు పేరుపడటానికి కారణం అక్కడి సూర్యుడు వేరు కావడం కాదు, ఈ పొడితనం. కోస్తాలో కూడా అంతే. సముద్రపు గాలి మధ్యాహ్నానికి ఒడ్డెక్కితే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. పడమటి గాలి బలంగా ఉండి దాన్ని ఆపేసిన రోజున విశాఖ, మచిలీపట్నం కూడా తెలంగాణలాగే మాడిపోతాయి.

ఆగస్టుకు మబ్బులు వచ్చి నేలకు చేరే ఎండను సుమారు 5 యూనిట్లకు దించుతాయి. అసలు మార్పు నేలలో ఉంది. 30 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల శక్తి పడుతుంది. తడిసిన పొలం, నిండు పైరు ఉన్న చోట చదరపు మీటరుకు రోజుకు నాలుగు లీటర్లు ఆవిరి కావడం మామూలే. అంటే 2.7 యూనిట్లు, వచ్చిన ఐదింట్లో సగానికి పైగా, ఉష్ణోగ్రతగా కనబడకుండా ఆవిరిలో దాక్కుని పైకి వెళ్లిపోతాయి. మే 9కీ ఆగస్టు 3కీ మధ్య పది డిగ్రీలు పోయింది ఇక్కడే. వర్షాలు మొహం చాటేసిన ఏడాది ఆగస్టులో కూడా 35, 36 డిగ్రీలు నమోదవడం దీనికి ఇంకో రుజువు.

అయితే ఆ రుతుపవనం కూడా వంపు పంపిందే. మార్చి తర్వాత సూర్యుడు ఉత్తరానికి జరిగేకొద్దీ ఉపఖండపు నేల, హిందూ మహాసముద్రం కన్నా వేగంగా కాగుతుంది. నేల మీద అల్పపీడనం ఏర్పడి సముద్రపు తేమగాలిని లోపలికి లాగుతుంది. అది మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళ తీరం తాకి, కొద్ది రోజుల్లో మనల్ని చేరుతుంది. ఎండను తెచ్చిన వంపే, ఆ ఎండతోనే దాని విరుగుడునూ తెస్తుంది. అందుకే లండన్‌లో వేడి జూన్ 21 దాటాక నెలకు, జులై చివర్లో, పతాక స్థాయికి చేరితే (వచ్చే ఎండ పోయే వేడికన్నా ఎక్కువగా ఉన్నంతకాలం నిల్వ పెరుగుతూనే ఉంటుంది) మన దగ్గర జూన్ 21కి నెల ముందే, మేలోనే, శిఖరం దాటిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మే 25 నుంచి రెండు వారాల గురించి. వానకు ముందు నేల పూర్తిగా ఎండిపోయి ఉండే ఆఖరి గడువు అది.

కార్తెలు, సంక్రాంతి, నెమ్మదిగా జారే లెక్క

కార్తెల ప్రస్తావన వచ్చింది కనక ఇంకో ముడి విప్పాలి. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మనం ఉత్తరాయణం వచ్చిందని చెప్పుకునేది జనవరి 14, 15 తేదీల్లో. ఈ ఇరవై నాలుగు రోజుల ఎడం అక్షం చేసే ఇంకో కదలిక వల్ల వచ్చింది. వంపు 23 డిగ్రీల పైచిల్లర దగ్గరే ఉంటూ, అక్షం చూసే దిక్కు మాత్రం దాదాపు 25,800 ఏళ్లకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంది. రుతువులు వంపును బట్టి నడుస్తాయి. పంచాంగం సంక్రాంతులనూ కార్తెలనూ నక్షత్రాల నేపథ్యంలో సూర్యుడి స్థానాన్ని బట్టి గుణిస్తుంది. నక్షత్రాల లెక్కలో ఏడాది రుతువుల లెక్క కన్నా 20 నిమిషాలు ఎక్కువ. 71, 72 ఏళ్లకు అది ఒక రోజు అవుతుంది. భారత ప్రభుత్వ పంచాంగం వాడే లెక్క ప్రకారం రెండూ క్రీ.శ. 285 ప్రాంతంలో కలిసి ఉండేవి.

కాబట్టి కార్తెలు కూడా రుతువుల మీద నెమ్మదిగా జారుతున్నాయి. విత్తనాలు వేయడానికి కార్తెను చూసుకునే రైతుకు దీనివల్ల నష్టమేమీ లేదు. మూడు తరాలకు ఒక రోజు జరిగితే, రుతుపవనం ఏడాదికేడాది పది రోజులు ముందూ వెనకా కావడం ముందు అది లెక్కలోకే రాదు.

కర్రతో కొలిచి చూడటం

ఈ 23.4 డిగ్రీలను పుస్తకం చూడకుండా మేడ మీద కొలవొచ్చు. మీటరు పొడవున్న తిన్నని కర్ర, టేపు, రసమట్టం, గుండు కట్టిన దారం చాలు. రసమట్టంతో చదునైన చోటు చూసుకోవాలి. దారాన్ని వేలాడదీసి కర్రను దానికి సమాంతరంగా నిలబెట్టాలి. తర్వాత మధ్యాహ్నం అతి పొట్టి నీడను గుర్తు పెట్టాలి. హైదరాబాద్‌లో డిసెంబరు 21న అది 86 సెంటీమీటర్లు ఉత్తరానికి, మార్చి 20న 31 సెంటీమీటర్లు ఉత్తరానికి, జూన్ 21న పదిన్నర సెంటీమీటర్లు దక్షిణానికి పడుతుంది. నీడను కర్ర పొడవుతో భాగించి, కాలిక్యులేటర్‌లో విలోమ టాంజెంట్ (tan⁻¹) నొక్కితే కోణాలు 40.8, 17.4, 6 వస్తాయి. డిసెంబరు కోణంలోంచి మార్చి కోణం తీసేస్తే మిగిలేదే వంపు: 23.4. మార్చి కోణం మీ ఊరి అక్షాంశం. జూన్ 21న మబ్బు పట్టే అవకాశమే ఎక్కువ కనక డిసెంబరు, మార్చి కొలతల మీద ఆధారపడటం మేలు.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలిస్తే మంచిది. కర్ర ఒక్క డిగ్రీ ఒరిగితే నీడ దాదాపు రెండు సెంటీమీటర్లు మారిపోతుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం, అందువల్ల నీడ కొన మసకగా ఉంటుంది. ఆ మసక మధ్యను గుర్తించాలి. అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు గడియారంలో 12 కొట్టగానే కొలవడం. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది, కాబట్టి పదహారు నిమిషాలు ఆలస్యం. భూకక్ష్య, వంపు కలిసి ఇంకో పావుగంట దాకా అటూ ఇటూ చేస్తాయి. ఫలితంగా అసలైన మధ్యాహ్నం నవంబరు మొదట్లో 12 గంటలకు, ఫిబ్రవరి రెండో వారంలో పన్నెండున్నరకు, మే 9న 12.12కు, ఆగస్టు 3న 12.22, 12.23కు వస్తుంది. 11.50 నుంచి 12.40 దాకా ఐదేసి నిమిషాలకు గుర్తులు పెట్టుకుంటూ పోతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

ఇంటికి, ప్యానెల్‌కు పనికొచ్చేది

దక్షిణం వైపు కిటికీకి ఒకటిన్నర అడుగుల సన్‌షేడ్ చాలు. మార్చి 20 మధ్యాహ్నం సూర్యుడు 72.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, సన్‌షేడ్ నీడ కిందికి 4.8 అడుగులు దిగి నాలుగడుగుల కిటికీని పూర్తిగా కప్పేస్తుంది. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. మే 9 నుంచి ఆగస్టు 3 వరకైతే సూర్యుడు ఆ వేళకు ఇంటికి ఉత్తరం వైపు ఉంటాడు. డిసెంబరులో నీడ 1.7 అడుగులే దిగుతుంది, కింది భాగం నుంచి వెచ్చని ఎండ గదిలోకి వస్తుంది. అదే సన్‌షేడ్ పడమటి కిటికీకి పెట్టి ఎండ ఆగుతుందనుకుంటే మోసపోతాం. మే నెల సాయంత్రం నాలుగుకు సూర్యుడి ఎత్తు 36 డిగ్రీలు, నీడ అడుగు మాత్రమే. ఐదింటికి అర అడుగు. పడమర వైపు చెట్టు, వెదురు చాప, వట్టివేళ్ల తడిక లాంటి నిలువు అడ్డమే పనిచేస్తుంది. అదీ కిటికీకి బయటే కట్టాలి. లోపలి కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి వేడి గదిలోకి చేరిపోయినట్టే.

మేడ మీద కదలకుండా బిగించే సోలార్ ప్యానెల్‌ను దక్షిణానికి 15 నుంచి 17 డిగ్రీలు వాల్చడం కూడా ఇదే లెక్క. 17 డిగ్రీల వాలుతో జూన్‌లోనూ డిసెంబరులోనూ మధ్యాహ్నపు కిరణాలు ప్యానెల్‌కు 23, 24 డిగ్రీల పక్కగా పడతాయి, నష్టం రెండు వైపులా 8 శాతమే. బల్లపరుపుగా పడుకోబెడితే డిసెంబరు మధ్యాహ్నం 24 శాతం పోతుంది, పైగా వాన నీరు జారక దుమ్ము అట్టకడుతుంది. మండు మేలో కరెంటు ఎక్కువ వస్తుందని ఆశించి, రాక, ప్యానెల్ పాడైందని అనుమానించేవాళ్లుంటారు. సిలికాన్ సెల్‌కు 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం సెల్ 60, 65 డిగ్రీలకు కాగుతుంది, 12 నుంచి 14 శాతం అక్కడే పోతుంది. అందుకే మన మేడల మీద తరచూ మార్చి, ఏప్రిల్ నెలల ఉత్పత్తి మే కన్నా ఎక్కువగా ఉంటుంది. ప్యానెల్‌ను రేకుకు అతికించినట్టు కాకుండా, కింద గాలి ఆడేలా స్టాండ్ మీద ఎత్తుగా బిగిస్తే ఆ నష్టంలో కొంతైనా తగ్గించుకోవచ్చు.